రెండు కోలన్లు, ఒక స్లాష్

మా రోబో ఆఫీసు కారిడార్‌లో ఫైళ్లు మోస్తుంది. దానికి దారి వెతికిపెట్టేది ఒక ప్లగిన్, ఆ దారిలో నడిపించేది ఇంకోటి, మెట్ల వైపు పోకుండా ఆపేది మేం సొంతంగా రాసుకున్న మూడోది. అసలు ప్రోగ్రామ్‌ని ముట్టుకోనక్కర్లేదు, కావాల్సిన ముక్క తగిలించుకుంటే చాలు, రాస్ (రోబోల్ని నడిపే సాఫ్ట్‌వేర్) గొప్పతనమే అది అని కొత్తగా చేరినవాళ్లకి మా మేనేజర్ గారు గంటసేపు చెప్తారు. ఆ ముక్క పేరు ఎన్ని చోట్ల రాయాలో మాత్రం చెప్పరు. సీ ప్లస్ ప్లస్ కోడ్ చివర మాక్రోలో రాయాలి, ఎక్స్ఎంఎల్‌లో రాయాలి, ఆ ఎక్స్ఎంఎల్ ఎక్కడుందో బిల్డ్ చేసే సీమేక్‌కి చెప్పాలి, మళ్లీ యామల్ అనే సెట్టింగుల ఫైల్లో రాయాలి.

కస్టమర్లు వస్తారనగా ముందురోజు మా టీమ్ కుర్రాడు రోబోని రాస్ పాత వెర్షన్, 2022 నాటి హంబుల్ నుంచి 2024 నాటి జాజీకి మార్చాడు. ముందురోజే ఎందుకంటారా? ఇలాంటివి ఎప్పుడూ ముందురోజే చేస్తారు. బిల్డ్ ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయింది. ప్లగిన్‌ని వెతికేది రన్ చేసినప్పుడు కదా, బిల్డ్‌కేం పోయింది!

లాంచ్ చేశాడు. దారి వెతికే ప్లగిన్, నావ్‌ఫ్న్ ప్లానర్ అనే క్లాసే లేదు పొమ్మంది. నా దగ్గరున్నవి ఇవీ అని ఆ వెంటనే ఓ జాబితా ఇచ్చింది. అందులో నావ్‌ఫ్న్ ప్లానర్ ఉంది.

"సార్, లేదనేదీ ఇదే, చూపించేదీ ఇదే!"

హంబుల్‌లో ఆ పేరు మధ్యన స్లాష్ ఉండేది. జాజీలో అది రెండు కోలన్లయింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక ఉన్నవాడు బ్యాంకుకెళ్లినట్టయింది మా పని. ప్లానర్ ఒక్కటీ లేవకపోయేసరికి, అన్నిటినీ వరసగా లేపే లైఫ్‌సైకిల్ మేనేజర్ మిగతావాటినీ లేవనివ్వలేదు.

కారణం దొరికింది కదా, ఆ ఒక్క లైనూ మారిస్తే అయిపోయేది. కుర్రాడు యామల్ తెరిచి, స్లాష్ ఉన్న ప్రతిచోటా రెండు కోలన్లు పెట్టమని రీప్లేస్ ఆల్ నొక్కాడు.

ప్లానర్ ఎర్రర్ మాయమైంది. అందరం చప్పట్లు కొట్టాం. నిజానికి దాని వంతు రాకముందే, ఎక్కడికి పోకూడదో గుర్తుపెట్టుకునే కాస్ట్‌మ్యాప్ కూలిపోయింది. మెట్ల దగ్గర ఆపే మా ప్లగిన్ పేరు ఎక్స్ఎంఎల్‌లో స్లాష్‌తోనే ఉంది మరి. పొద్దుటిదాకా నిక్షేపంలా ఉన్నది ఇప్పుడు లేకుండా పోయింది. లేజర్ కొలతలు వచ్చే టాపిక్ (రాస్‌లో డేటా పంపే దారి) పేరు "కోలన్ కోలన్ స్కాన్" అయి కూర్చుంది, టాపిక్ పేరులో కోలన్లేంటని రాస్ నిలదీసింది. మ్యాప్ ఫైల్ అడ్రస్ "కోలన్ కోలన్ హోమ్" దగ్గర మొదలవుతోంది. అలాంటి ఇల్లు మ్యాప్ సర్వర్ ఎన్నడూ చూళ్లేదు.

మర్నాడు పొద్దున్నే కస్టమర్లు దిగారు. రోబో కారిడార్ మధ్యలో బిగుసుకుపోయి ఉంది. మేనేజర్ గారు ఏమాత్రం తొణక్కుండా "ఇది సేఫ్టీ మోడ్ అండీ" అన్నారు.

వాళ్లలో పెద్దాయన చుట్టూ చూసి, "మెట్ల దగ్గర ఆగుతుందన్నారు. ఇక్కడ మెట్లు లేవు కదండీ?" అన్నాడు.

"ముందుజాగ్రత్త అండీ."

వాళ్లు కాఫీకి వెళ్లాక ఎవరో పాత యామల్‌ని, కోడ్ పాత కాపీలు దాచే గిట్‌లోంచి లాగారు, ప్లానర్ లైన్లో రెండు కోలన్లు పెట్టారు, రోబో కదిలింది. ఇంతకీ ఆ రీప్లేస్ ఆల్ కమిట్‌కి కుర్రాడు ఏం మెసేజ్ పెట్టాడా అని చూశాను. "చిన్న ఫార్మాటింగ్ మార్పు, టెస్ట్ చెయ్యనక్కర్లేదు."