యాక్టిన్ గారికి అర్హత పరీక్షా? ఎంత మాట!

మొక్కల మీద పనిచేసే ల్యాబుల్లో ఈ మధ్య పిల్లలకి ఒక జబ్బు పట్టుకుంది. నీళ్లు ఆపిన కంది మొక్కలో ఫలానా జీన్ ఎంత పెరిగిందో పీసీఆర్ (నకళ్లు పెంచి జీన్ చురుకు కొలిచే పరీక్ష) పెట్టి చూడరా బాబూ అంటే, చూసి ఊరుకోకుండా, "సార్, మన రిఫరెన్స్ జీన్ కరువులో నిలకడగా ఉంటుందని ఎవరైనా చూశారా?" అంటున్నారు. ఎవరి గురించి? ఏళ్లుగా మన రిఫరెన్స్ జీన్ పదవిలో ఉన్న సాక్షాత్తూ యాక్టిన్ గారి గురించి!

ఒక్కో ట్యూబులో ఆర్ఎన్ఏ కాస్త ఎక్కువో తక్కువో పడుతుంది, దాని నుంచి సీడీఎన్ఏ (డీఎన్ఏ నకలు) తయారీ ఒక్కోసారి ఒక్కోలా కుదురుతుంది, అందుకని ఎండకీ ఉప్పుకీ చలించని జీన్‌ని ఒకదాన్ని పక్కన పెట్టుకుని దాంతో పోల్చి లెక్క కడతాం. ఆ పదవికి యాక్టిన్ గారిని ఎవరు ఎన్నుకున్నారంటే, ఎవరూ లేదు. ఆర్ఎన్ఏని పాత పద్ధతిలో కొలిచిన నార్తర్న్ బ్లాట్ల కాలం నుంచీ ఆయనే. పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వం నజరానా ఇస్తానంటుంది, ఇక్కడ మాత్రం అనుమానిస్తారు.

ఒప్పుకుంటాను, యాక్టిన్ కణం అస్థిపంజరంలో భాగం, నీళ్లు లేక కణం ఎదగడం ఆగితే ఆయన పనీ మారొచ్చు. ఇంకో పాత రిఫరెన్స్ జీఏపీడీహెచ్ చక్కెరను విరిచే దారిలో ఎంజైము, ఒత్తిడిలో మొదట అటూ ఇటూ అయ్యేది ఆ దారే. మరో రిఫరెన్స్ 18ఎస్ (రైబోజోము ఆర్ఎన్ఏ) సంగతి సరేసరి, మొత్తం ఆర్ఎన్ఏలో సింహభాగం రైబోజోముదే కాబట్టి మన జీన్ కంటే ఎన్నో సైకిళ్లు (నకళ్లు రెట్టింపయ్యే విడతలు) ముందే వచ్చి కూర్చుంటుంది. తెలిసినంత మాత్రాన మానేస్తామా?

అసలు నిలకడ లేకపోవడంలో ఉన్న లాభం వీళ్లకి అర్థం కావడం లేదు. మన జీన్ సీటీ (అది కనబడటానికి పట్టే సైకిళ్ల సంఖ్య, ఎంత తక్కువైతే జీన్ అంత ఎక్కువ) నీళ్లు పోసిన మొక్కలో 24, ఎండబెట్టిన దాంట్లోనూ 24 అనుకోండి. ఏమీ జరగలేదు, పేపరు లేదు. అదే యాక్టిన్ గారు కరువుకి నీరసించి 18 నుంచి 20కి జారితే? తేడా 6 కాస్తా 4 అవుతుంది, ఆ రెండు తేడాల మధ్య తేడా, అదే డెల్టా డెల్టా సీటీ, మైనస్ 2, అంటే సైకిల్‌కి రెట్టింపు లెక్కన కూర్చున్న చోటు నుంచి కదలని మన జీన్ నాలుగు రెట్లు పెరిగిపోయింది! ఇంకేం, "కరువును తట్టుకునే జీన్" దొరికినట్టే. ఈ లెక్కకి 2001లో లివాక్, ష్మిట్‌జెన్ ఇచ్చిన ఫార్ములాలో తప్పేమీ లేదు, రిఫరెన్స్ మారకూడదన్న షరతు మాత్రం మనం చదవలేదు.

ఈ గొడవకి 2002లో రిఫరెన్స్ జీన్ల నిలకడ కొలిచే జీనార్మ్ సాఫ్ట్‌వేర్ ఆజ్యం పోసింది. ఒక్క జీన్ చాలదు, నిలకడైనవి కొన్ని తీసుకుని వాటి సగటుతో లెక్క కట్టండి అంది. అదే పనికి 2004లో నార్మ్‌ఫైండర్, బెస్ట్‌కీపర్ వచ్చాయి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు కూడా ఊరుకోక కందిలో కరువు పరీక్ష పెట్టి, ఐఎఫ్4ఆల్ఫా, టీయూబీ6 అనే జీన్లు నిలకడైనవని 2015లో చెప్పారు. పోనీ వాటినే అన్నిటికీ వాడేద్దామా అంటే కుదరదట. కందిలో నెగ్గింది వేరుశెనగలో నెగ్గాలని లేదు, ఆకులో నెగ్గింది వేరులో ఓడిపోవచ్చు, కరువుకి నిలబడ్డది ఉప్పుకి పడిపోవచ్చు, ప్రతిసారీ మళ్లీ పరీక్షేనట. ఆ ప్రైమర్లకీ (జీన్‌ని పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) సైబర్ గ్రీన్ రంగుకీ డబ్బులు ఎవరిస్తారు?

తప్పనిసరై పరీక్ష పెట్టాల్సి వచ్చిన వాళ్లకి మాత్రం అనుభవంతో ఒక సలహా. జీనార్మ్ జంటలు జంటలుగా పోల్చి చూస్తుంది, ఇద్దరి మధ్య తేడా మారకపోతే ఇద్దరూ బుద్ధిమంతులే అంటుంది. కాబట్టి అభ్యర్థులుగా చుట్టాలనే, అంటే కలిసి పెరిగి కలిసి తగ్గే జీన్లనే, నిలబెట్టండి. మూడు రైబోజోము ప్రోటీన్ జీన్లు చేతులు పట్టుకుని ఒకేసారి బావిలో దూకినా మొదటి ర్యాంకులు వాటికే రావచ్చు. (ఇది మాత్రం వేళాకోళం కాదు, నిజంగానే జరుగుతుంది.) అప్పటికీ యాక్టిన్ పైకి రాకపోతే మూడు సాఫ్ట్‌వేర్లలోనూ వేసి చూసి, ఎందులో పైకొస్తే దాని పేరొక్కటే మెథడ్స్‌లో రాయండి.

ఇక రివ్యూయర్ అడిగితే "విరివిగా వాడుకలో ఉంది" అని ఒక పాత పేపరు చూపిస్తే సరి. ఆ పేపరు ఇంకో పేపరుని చూపిస్తుంది, అది మరోదాన్ని, ఆ చివరి పేపరు వరి గురించో ఎలుక గురించో అయి ఉంటుంది, అంతదూరం ఎవరూ వెళ్లరు. ఫ్రీజర్‌లో ఆ ప్రైమర్ ట్యూబుని మాత్రం జాగ్రత్తగా వాడండి. సీనియర్ల నాటిది, మూత మీద రాత చెరిగిపోయింది, యాక్టినో ట్యూబులినో తెలియదు గానీ బ్యాండ్ మాత్రం బాగా వస్తోంది.