మూడు వేల వాట్ల స్టిక్కర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడు వేల వాట్ల స్టిక్కర్ గారికి, విజయనగరం నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మా మేనల్లుడు కారు డిక్కీలో సబ్‌వూఫర్ (దరువు మోగించే పెద్ద స్పీకరు) పెట్టించుకుంటానంటే, ఆంప్లిఫయర్ కొనడానికి తోడుగా గంటస్తంభం దగ్గరి ఒక దుకాణానికి వెళ్లాను. పెట్టె మీద బంగారు అక్షరాల్లో తమ దర్శనమైంది. అడుగున, గోరంత జాగాలో, ఆర్‌ఎంఎస్ అనే పేద అంకె నక్కి ఉంది. నిలకడగా పాట మోసేది ఆ పేదదే. తమరిది రెప్పపాటు మెరుపు; అదీ ఎక్కడ మెరిసిందో పెట్టె చెప్పదు.

తమ గుట్టు రట్టు చేసింది ఫ్యూజు. ఆంప్లిఫయర్ వెనక్కి తిప్పితే దాని మీద 30 ఆంపియర్లు అని ఉంది; అంతకు మించి లాగుతూ ఉంటే అది కాలిపోతుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల పైచిలుకు. గుణిస్తే లోపలికి వచ్చేదే సుమారు 430 వాట్లు. అందులోనూ ఆంప్లిఫయర్ క్లాస్ డి రకమైతే ఐదో వంతు, ఏబీ రకమైతే దాదాపు సగం వేడిగా పోతుంది. మరి మూడు వేలు ఎక్కడి నుంచి తెస్తున్నారు స్వామీ? పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నారా? నిజంగా అంత కావాలంటే 200 ఆంపియర్లకు పైగా లాగాలి. చిన్న కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అందులో సగం ఇస్తే గొప్ప.

మావాడి సబ్‌వూఫర్ అడిగేది 4 ఓమ్‌ల దగ్గర 300 వాట్ల ఆర్‌ఎంఎస్. ఓమ్‌లంటే కరెంటుకు స్పీకరు పెట్టే అడ్డు కొలత. ఆ సంగతి ఎత్తితే దుకాణదారు "అన్నీ ఒకటేనండి" అన్నాడు. ఒకటి కాదు. 2 ఓమ్‌ల దగ్గర 300 ఇచ్చేది 4 ఓమ్‌ల దగ్గర సగానికి కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. మోత చాలలేదని కుర్రాళ్లు ఆంప్లిఫయర్ మీది గెయిన్ మరను చివరి దాకా తిప్పుతారు. తరంగాల శిఖరాలు తెగి చదునవుతాయి, సబ్‌వూఫర్ లోపలి కాయిల్ మాడుతుంది. పోనీ, శక్తిని రెట్టింపు చేస్తే మోత రెట్టింపవుతుందా? పెరిగేది 3 డెసిబెళ్లు. చెవికి రెండింతలనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి.

(ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు ఇది. ఆయన వాద్యం పెట్టె మీద వాట్లెన్నని ఎవరూ అడగలేదు.)

చివరికి 4 ఓమ్‌ల దగ్గర 300 ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్నదే కొన్నాం. దాని మీద తమ దాయాది పన్నెండు వందల వాట్ల గారున్నారు. మేనల్లుడికి చిన్నతనంగా ఉందట. అందుకని తమరిని ఊడదీసి ఇవ్వమని దుకాణదారును బతిమాలుతున్నాడు, కారు వెనుక అద్దానికి అంటించుకోవడానికి.

ఇట్లు,
ఫ్యూజు చూసి కొనేవాడు