బెండిగో డ్రాగన్‌కు కాళ్లెవరివి?
రస్సెల్ జాక్ అనే ఆయన లేకపోతే ఆస్ట్రేలియాలోని బంగారు గనుల ఊరు బెండిగోలో చైనీయుల చరిత్ర చెరిగిపోయేదని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. 1991లో ఆ చరిత్రను చూపే గోల్డెన్ డ్రాగన్ మ్యూజియం అక్కడ తెరవడం ఆయన చలవే, అందులో అనుమానం లేదు. కానీ అంతకు వందేళ్ల ముందు నుంచే, బంగారం కోసం వచ్చిన చైనీయులు ఈస్టర్ ఊరేగింపులో నడుస్తున్నారు. అదీ ఊరి ఆసుపత్రికి చందాలు పోగయ్యే జాతర. అలా చందాలకు నడిచిందీ ఎవరు? 1855లో, ఆ ఊరున్న విక్టోరియా ప్రాంతపు ప్రభుత్వం వలస వచ్చే చైనీయుల మీదే తలకు 10 పౌండ్ల పన్ను వేసింది మరి! మేం మెల్‌బోర్న్ నుంచి ఓ ఈస్టర్‌కి వెళ్లాం. మా చిన్నదానికి ఊరేగింపులో మనుషులు మోసుకొచ్చే డ్రాగన్ బొమ్మ తల కనిపించలేదు, జనం అడ్డం. దానికి కనిపించినవల్లా పొట్ట కింద కదిలే కాళ్లు. ఒకరి స్పోర్ట్స్ షూ లేసు ఊడిపోయి ఈడ్చుకుంటూ పోతోంది, అయినా ఆగడానికి లేదు, వెనక అంతమంది మోస్తున్నారు కదా. మోసేవాళ్లలో చైనీయులు కానివాళ్లూ కనిపించారు. 1970 నుంచి ఊరేగింపులో తిరిగిన సన్ లూంగ్ అనే డ్రాగన్ 2019లో విశ్రాంతి తీసుకుంటే, దాని చోట దై గమ్ లూంగ్ అనే కొత్త డ్రాగన్ వచ్చింది. మ్యూజియంలో సన్ లూంగ్‌నీ చూశాం, బాగుంది. మా చిన్నది మాత్రం ఇప్పటికీ ఆ లేసు సంగతే అడుగుతుంది.