అరవై మూడో అంతస్తులో అమ్ముడయ్యేది ఏమిటి?

మన ఇళ్లలో డాబా ఎప్పుడూ మిగులు చోటే. వడియాలు ఆరబెట్టడానికి, నీళ్ల ట్యాంకు పెట్టుకోవడానికి, వేసవి రాత్రి కరెంటు పోతే చాపలు పరుచుకోవడానికి పనికొచ్చేది. పై వాటా అద్దె కింది వాటా కన్నా కాస్త తక్కువగా ఉండటమూ మనకు తెలిసిందే. ఎండకు కప్పు కాగుతుంది, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. పాశ్చాత్య నగరాల్లోనూ ఒకప్పుడు ఇదే లెక్క. 1857లో న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో ఎలీషా ఓటిస్ కంపెనీ ప్రయాణికుల లిఫ్టు బిగించే నాటికి పై అంతస్తు అంటే పనివాళ్లది, పేదలది. ఈ లెక్క ఎంతగా తిరగబడిందో చూడాలంటే బ్యాంకాక్‌లో సీలోం, చరోన్ క్రుంగ్ వీధులు కలిసే మూల దగ్గర నిలబడి తలెత్తాలి.

అక్కడ 68 అంతస్తుల స్టేట్ టవర్ ఉంది. ఎత్తు 247 మీటర్లు, నెత్తిన బంగారు రంగు గుమ్మటం. లెబువా హోటల్ ఇందులోదే. భవనమంతా హోటల్ కాదు, ఫ్లాట్లూ ఆఫీసులూ కూడా ఉన్నాయి. 63వ అంతస్తులో, పైన కప్పు లేకుండా, సిరోకో అనే రెస్టారెంటు ఉంటుంది. దాని అంచున, గాలిలోకి చొచ్చుకొచ్చినట్టు, గుండ్రటి బారు. 2011లో వచ్చిన ఒక హాలీవుడ్ హాస్య చిత్రంలో ఈ చోటు కనిపించాక ప్రపంచమంతా దీనికి యాత్రికులు పుట్టుకొచ్చారు. భారతీయులకు వీసా అక్కర్లేదంటూ థాయ్‌లాండ్ 2023 నవంబరులో గేట్లు ఎత్తేయడంతో మనవాళ్లూ తోడయ్యారు. 2024లో ఆ దేశానికి మన దేశం నుంచి వెళ్లినవారు 20 లక్షలకు పైమాటే. వాళ్లలో కొందరైనా ఆ బారు దగ్గర నిలబడి ఫొటో దిగే ఉంటారు.

హోటల్ చక్కగా ఉంటే, దానికి అలంకారంగా పైన ఒక రెస్టారెంటు పెట్టారని అనుకుంటాం. నా అంచనా దీనికి తలకిందులు. ఇలాంటి చోట్ల హోటలే పైకప్పుకు వేలాడుతూ ఉంటుంది.

స్టేట్ టవర్‌కు ఒక తోబుట్టువు ఉంది. అదే చరోన్ క్రుంగ్ వీధి వెంట దక్షిణానికి కొద్ది నిమిషాలు నడిస్తే సాతోర్న్ యూనిక్ అనే 49 అంతస్తుల భవనం కనిపిస్తుంది. రెండింటి వాస్తుశిల్పి ఒకరే, రంగ్‌సన్ తోర్సువన్. అవే రోమన్ స్తంభాలు, అవే వంపు తిరిగిన బాల్కనీలు. 1990 ప్రాంతంలో థాయ్‌లాండ్‌లో అప్పు తేలికగా పుట్టేది. డాలర్లలో తక్కువ వడ్డీకి తెచ్చి, ఆ దేశపు కరెన్సీ అయిన బాట్లలో సిమెంటు పోసేవారు. డాలరుకు 25 బాట్ల చొప్పున మారకపు విలువ కదలకుండా ఉన్నంత కాలం లెక్కలన్నీ కుదిరాయి. 1997 జూలై 2న ప్రభుత్వం ఆ రేటును కాపాడటం మానేసి, బాటును మార్కెట్‌కు వదిలేసింది. కొన్ని నెలల్లోనే డాలరు 50 బాట్లు దాటింది. తీసుకున్న అప్పు, ఒక్క రూపాయి కొత్తగా వాడుకోకుండానే, రెట్టింపయింది. సాతోర్న్ యూనిక్ చాలావరకు పూర్తయి ఉండి కూడా ఆగిపోయింది. స్టేట్ టవర్ మాత్రం ఎలాగో ఒడ్డున పడి 2001లో పూర్తయింది. ఒకటి లగ్జరీ హోటల్, రెండోది దయ్యాల మేడ. మధ్యలో తేడా అందానిదీ కాదు, నిర్మాణ కౌశలానిదీ కాదు. డబ్బు ఎక్కడ ఆగిందన్నది మాత్రమే.

అప్పుల కాలంలో లేచిన అంతస్తులను పోషించడం అంత తేలిక కాదు. నీళ్లు అంచెలంచెలుగా పైకి తోడాలి. లిఫ్టులను కింది అంతస్తులకు కొన్ని, పై అంతస్తులకు కొన్నిగా విడగొట్టాలి. ఒక్కో లిఫ్టు గొట్టం ప్రతి అంతస్తులోనూ కొంత చోటు మింగేస్తుంది. ఇంత ఖర్చు రాబట్టాలంటే గదులు చాలవు. గదిని ఒక రాత్రికి ఒకరికే అమ్మగలం. పైకప్పు మీద బల్లను అదే సాయంత్రం రెండు మూడు సార్లు అమ్మవచ్చు, అదీ హోటల్లో దిగనివారికి. ఒకనాడు నీళ్ల ట్యాంకులకూ లిఫ్టు యంత్రాలకూ వదిలేసిన చోటు ఇప్పుడు మొత్తం భవనానికి పేరు తెచ్చి పెడుతోంది. గది తీసుకునేవాడు కూడా ఆ పేరు విని వచ్చినవాడే.

మరి పైన పెట్టే తిండి మాట? సిరోకో అన్నది సహారా నుంచి మధ్యధరా సముద్రం మీదుగా వీచే వేడి గాలి పేరు. వంట కూడా ఆ ప్రాంతానిదే. అంటే చావో ఫ్రాయా నది ఒడ్డున కూర్చున్నవాడికి పళ్లెంలో ఇటలీ, కళ్లెదుట బ్యాంకాక్. నగరం ఇక్కడ వంటకం కాదు, గోడకు తగిలించిన పటం. గాలికి పేరు పెట్టుకున్న చోట గాలే ఇబ్బంది పెడుతుంది కూడా. రుచిలో పెద్ద భాగం వాసనే. ఆరుబయట, ఆ ఎత్తున, వాసన ముక్కు దాకా రాకముందే ఎగిరిపోతుంది. అదే భవనంలో 65వ అంతస్తున అద్దాల గోడల మధ్య ఉన్న మెజాలూనాకు, రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ బ్యాంకాక్ కోసం వేసిన తొలి గైడ్‌లోనే 2 నక్షత్రాలు వచ్చాయి. వంటను మెచ్చుకోవడానికి వచ్చినవారు తలుపులు మూసిన గదిలో కూర్చుంటారు, ఫొటోకు వచ్చినవారు బయట. హోటల్‌కు ఈ తేడా బాగా తెలుసు. తెలియనిది మనకే.

బిల్లు దగ్గర ఇంకో చిన్న పాఠం ఉంది. థాయ్‌లాండ్‌లో ఇలాంటి చోట్ల మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటాయి. మొదటిది 10 శాతం సర్వీస్ చార్జీ, రెండోది 7 శాతం పన్ను. పన్నును సర్వీస్ చార్జీ కలిపిన మొత్తం మీద వేస్తారు కాబట్టి 1,000 బాట్ల వంటకం 1,177 అవుతుంది. నిక్కరు, హవాయి చెప్పులు వేసుకుని వెళితే పైకి రానివ్వరు. మే నుంచి అక్టోబరు వరకు వానాకాలం. నాలుగు చినుకులు పడితే ఆరుబయటి బల్లలు ఎత్తేస్తారు. ఇంత తెలిసీ వెళ్లేవారిని నేను తప్పు పట్టను. చీకటి పడే వేళ నది వంపు తిరిగిన చోట దీపాలు ఒక్కొక్కటిగా వెలగడం చూస్తే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. కాకపోతే ఆ దీపాల్లో ఒక్కటీ హోటల్‌ది కాదు. ఇతరుల కరెంటు బిల్లును మనకు దృశ్యంగా అమ్మడమే ఇక్కడి వ్యాపారం. ఇదే సీలోం వీధిలో, 19వ శతాబ్దంలో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి గోపురం ఉంది. కింద నడిచేవాడు దాని ముందు ఆగకుండా ఉండలేడు. 63వ అంతస్తు నుంచి చూస్తే అదీ ఒక చుక్కే.

ఎత్తుకు ఇంకో ముఖం 2025 మార్చి 28 మధ్యాహ్నం బయటపడింది. మయన్మార్‌లోని మాండలే దగ్గర 7.7 తీవ్రతతో భూమి కంపించింది. బ్యాంకాక్ అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. అయినా మేడల మీది ఈతకొలనుల్లో నీళ్లు అలలుగా లేచి గోడల వెంట కిందికి దూకాయి. చతుచాక్‌లో నిర్మాణంలో ఉన్న ప్రభుత్వ ఆడిట్ కార్యాలయ భవనం కుప్పకూలింది. అంత దూరంలోనూ నగరం ఇంతగా ఊగడానికి ఒక కారణం దాని కింద ఉన్న మెత్తటి బంకమట్టి. దూరం నుంచి వచ్చే నిదానమైన అలలను అది పెద్దవి చేస్తుంది. పొడవాటి భవనాలు కూడా నిదానంగానే ఊగుతాయి. పది అంతస్తులకు ఒక సెకను చొప్పున అన్నది ఇంజనీర్ల మోటు లెక్క. ఈ రెండు ఊపులూ కలిసినప్పుడు కింద వీధిలో ఉన్నవాడికి తల తిరిగినట్టు మాత్రమే ఉంటుంది, పైనున్నవాడికి కుర్చీ జరుగుతుంది. సరిగ్గా కట్టిన భవనాలు ఊగి నిలిచాయి, అందుకు ఇంజనీర్లకు దండం పెట్టాలి. కానీ లిఫ్టు ఆగిన రోజున 63 అంతస్తులు మెట్ల మీదుగా దిగడమంటే ఏమిటో ఏ బ్రోచరూ చెప్పదు.

మన దగ్గర ఈ మోజు వేరే దారిలో వస్తోంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో అంతస్తుల విస్తీర్ణానికి ఉన్న పరిమితి తీసేసింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత ధర పెట్టి కొన్నవాడు యాభై అంతస్తులు వేయక ఏం చేస్తాడు? అవన్నీ ప్రస్తుతానికి ఎక్కువగా ఫ్లాట్లు, ఆఫీసులే. అమ్ముడుపోనివి మిగిలితే, పైన ఒక రెస్టారెంటు, కింద కొన్ని హోటల్ గదులు అన్న ఆలోచన ఎవరికో ఒకరికి తడుతుంది. నా భయం అది కాదు. మన నగరాల్లో రూఫ్‌టాప్ పేరుతో నడిచేవాటిలో చాలా భాగం మామూలు డాబా మీద రేకులు, వెదురు, టార్పాలిన్ వేసి, ఒక ఇరుకు మెట్ల దారితో సరిపెట్టినవే. 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్ ప్రాంగణంలో అలాంటి చోట అర్ధరాత్రి మంటలు లేచి 14 మంది చనిపోయారు. ఎత్తు చూసి మురిసే ముందు దిగే దారి ఎటుందో అడగడం మనకింకా నామోషీగానే ఉంది. హోటల్లో గది తాళం తీసుకునేటప్పుడు అత్యవసర మెట్లు ఎక్కడని అడిగి చూడండి. పక్కనున్న బంధువులు మిమ్మల్ని పిరికివాడి కింద జమకడతారు.

సాతోర్న్ యూనిక్ సంగతి మిగిలింది. పాతికేళ్లకు పైగా అది అలాగే, కిటికీలు లేని గూళ్లతో చీకట్లో నిలబడిపోయింది. దొంగచాటుగా ఎక్కి ఫొటోలు దిగేవాళ్లు వచ్చారు, వాళ్లను ఆపడానికి కాపలావాళ్లు వచ్చారు. చివరికి దాని గోడకూ గిరాకీ దొరికింది. అటుగా ఎత్తు మీద వెళ్లే స్కైట్రెయిన్ ప్రయాణికులకు కనపడేలా, దయ్యాల మేడ మీద అంతస్తుల పొడవునా వ్యాపార ప్రకటనల బ్యానర్లు వేలాడదీశారు.