ఓడలో కలిసిన వరసలు

అమెరికాలో జార్జియా రాష్ట్రపు సముద్రతీరాన హారిస్ నెక్ అనే నల్లజాతి పల్లె ఉండేది. 1930ల మొదట్లో లొరెంజో డౌ టర్నర్ అనే భాషాశాస్త్రవేత్త రికార్డింగ్ యంత్రం మోసుకుంటూ అక్కడికి వెళ్లారు. ఆయనా నల్లజాతివారే. అమీలియా డాలీ అనే ఆవిడ ఆయన ముందు కూర్చుని ఓ పాట పాడింది. పట్టుమని పది పాదాలు లేవు. తల్లి దగ్గర నేర్చుకుంది, తన కూతురు మేరీకి నేర్పింది. అది ఏ భాషో తెలియదు, అర్థం అంతకన్నా తెలియదు. ఆఫ్రికా పాట అని మాత్రం తెలుసు. ఇంట్లో పిల్లల్ని ఆడించేటప్పుడు పాడుకునేవాళ్లు.

అది మెండే భాష అని పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి గుర్తుపట్టాడు. కొన్ని దశాబ్దాలు గడిచాక పరిశోధకులు ఆ రికార్డింగు పట్టుకుని సియెర్రా లియోన్‌లో ఊరూరా తిరిగారు. సెనెహున్ న్గోలా అనే మారుమూల పల్లెలో బైందు జబాటి అనే మహిళ వింటూనే గొంతు కలిపింది. అయితే అక్కడ అది పిల్లల పాట కాదు, చావు పాట. సమాధి దగ్గర ఆడవాళ్లు పాడేది. రండి, అందరం పని అందుకుందాం, సమాధి ఇంకా పూర్తి కాలేదు, పోయిన మనిషి గుండె ఇంకా చల్లబడలేదు అని ఆ మాటల భావం. 1997లో అమీలియా కూతురు మేరీ మోరాన్ కుటుంబాన్ని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లింది. మనిషి ఎవరో తెలియాలంటే ఏ భాషలో ఏడుస్తాడో చూడమని మెండేల్లో ఒక సామెత ఉంది. ఆ కుటుంబం రెండు వందల ఏళ్ల పాటు మెండేల ఏడుపు పాటతోనే పిల్లల్ని నవ్వించింది.

ఈ ఉదంతం చెప్పగానే రక్తసంబంధం ఎక్కడికి పోతుందండీ అంటారు చాలామంది. నేనలా అనుకోను. ఆ పాట రక్తంలో పారి రాలేదు. ప్రతి తరంలో ఒక తల్లి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తనకే అర్థం తెలియని మాటల్ని పొల్లుపోకుండా పలికించబట్టి వచ్చింది. ఆఫ్రికా వారసత్వానికీ, సముద్రాల అవతల పుట్టిన నల్లజాతి అస్తిత్వానికీ ఉన్న సంబంధం ఎలాంటిదని ఎవరైనా అడిగితే నేను ఆ ఒడినే చూపిస్తాను.

ఆ శ్రమ ఎంత పెద్దదో తెలియాలంటే అవతల తుడిచేసినవాళ్లు ఎంత పకడ్బందీగా తుడిచేశారో చూడాలి. మూడున్నర శతాబ్దాల్లో సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఆఫ్రికా తీరాల్లో ఓడలెక్కించారు. 1 కోటి 7 లక్షల మందే ప్రాణాలతో దిగారు. ఉత్తర అమెరికాకు నేరుగా చేరినవాళ్లు 4 లక్షల లోపే. ఒక్క బ్రెజిల్‌కే 48 లక్షల మందిని తోలారు. అమెరికాలో 1850, 1860 జనగణనల్లో బానిసల కోసం వేరే పట్టికలు ఉండేవి. వాటిలో యజమాని పేరు ఉంటుంది, దాని కింద వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి. బానిస పేరు మాత్రం దాదాపు ఎక్కడా కనిపించదు. నల్లజాతి వాళ్లందరి పేర్లూ రాసిన మొదటి జనగణన 1870ది. వంశవృక్షం వెతుక్కునే ఆఫ్రికన్ అమెరికన్లలో ఎక్కువమంది ఆ ఏడు దగ్గరికొచ్చి ఆగిపోతారు. దాన్ని వాళ్లు గోడ అనే అంటారు.

మన వాళ్లతో పోలిస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవుకు, అంటే ఇప్పటి డర్బన్‌కు, వెళ్లింది. ఆ తర్వాత వెళ్లిన ఓడల్లో గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఒప్పంద కూలీలు పడిన బాధలు తక్కువేమీ కావు. కానీ ఓడ పట్టీలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రాసి ఉన్నాయి. డర్బన్‌లో ఉన్న నాయుడుగారి మునిమనవడు ఆ పట్టీ తిరగేసి ముత్తాత ఊరు పట్టుకోగలడు. అమీలియా కుటుంబానికి అలాంటి కాగితం ఒక్కటీ లేదు. అందుకే, మీరు నిజంగా ఆఫ్రికావాళ్లేనా, రుజువేదీ అని ఆ పిల్లల్ని అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది. రుజువుల్ని కాల్చేసిన చోట రుజువు అడుగుతున్నాం.

ఇంకో సంగతి ఉంది. ఓడ ఎక్కేనాటికి వాళ్లెవరూ తమను నల్లవాళ్లం అనుకోలేదు, ఆఫ్రికన్లం అని కూడా అనుకోలేదు. ఒకరు మెండే, ఒకరు అకాన్, ఒకరు ఇగ్బో, ఒకరు కాంగో. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఓడ అడుగున పక్కపక్కన గొలుసులతో పడుకున్న ఆ రెండు మూడు నెలల్లో కొత్త చుట్టరికం పుట్టింది. జమైకాలో ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకరినొకరు ‘షిప్‌మేట్’ అని పిలుచుకునేవారు. వాళ్ల పిల్లలు అమ్మానాన్నల షిప్‌మేట్లను సొంత మామలూ అత్తలూ అన్నట్టే వరసపెట్టి పిలిచేవారు. బ్రెజిల్‌లో ఇలాంటి బంధాన్నే ‘మలుంగు’ అన్నారు. మన ఊళ్లలో కొత్తగా కాపురానికొచ్చిన ఇంటితో వరస కలుపుకుంటాం కదా, అచ్చం అదే పని. నల్లజాతి అస్తిత్వం మొలకెత్తింది అక్కడే. తెచ్చుకున్నదీ కల్పించుకున్నదీ అందులో కలగలిసిపోయాయి. కల్పించుకున్నది గనక నకిలీ అనే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు వెతుకులాట డీఎన్‌ఏ పరీక్షల దాకా వచ్చింది. ఫలితం చూసుకుని ఏడ్చినవాళ్లను నేను తప్పుపట్టను. ఏమీ లేని చోట ఒక జాతి పేరు దొరకడం చిన్న విషయం కాదు. కానీ తల్లి వైపు నుంచి వచ్చే ఒక్క వంశధారను చూసే పరీక్ష, ఎనిమిది తరాల వెనక ఉన్న 256 మంది పూర్వీకుల్లో ఒక్కరి సంగతే చెబుతుంది. మిగతా 255 మంది ఊసే ఎత్తదు.

ఘనాలోని కేప్ కోస్ట్ కోటలో సముద్రం వైపు ఒక తలుపు ఉంది. బందీలను దాని గుండానే ఓడలకు తరలించారు కాబట్టి దాన్ని ‘తిరిగిరాని తలుపు’ అంటారు. బయటకెళ్లి వెనక్కి తిరిగి చూస్తే అదే తలుపు మీద ‘తిరిగొచ్చే తలుపు’ అని రాసి ఉంటుంది. వర్జీనియా తీరంలో 1619లో మొదటి బందీలు దిగి 400 ఏళ్లయిన సందర్భంగా ఘనా 2019ని తిరుగురాక సంవత్సరంగా ప్రకటించింది. ఆ నవంబరులో 126 మందికి పౌరసత్వం ఇచ్చింది. బెనిన్ కూడా బానిసలుగా తరలిపోయినవాళ్ల వారసులకు పౌరసత్వం ఇచ్చేందుకు 2024లో చట్టం చేసింది. బానిస వ్యాపారంలో ఆఫ్రికన్ల పాత్రకు ఆ దేశాధ్యక్షుడు మాథ్యూ కెరెకూ 1999లోనే బాల్టిమోర్ వచ్చి క్షమాపణ చెప్పారు. ఈ రెండోది నాకు పౌరసత్వం కన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది. అమ్మినవాళ్ల పిల్లలూ అమ్ముడుపోయినవాళ్ల పిల్లలూ ఎదురుపడినప్పుడు ముందు రావలసిన మాట అదే.

ఆ కలయికల్లో గుండె కలుక్కుమనే క్షణాలూ ఉన్నాయి. ఇన్నేళ్లకు ఇంటికొచ్చాననుకున్న నల్లజాతి అమెరికన్‌ను ఘనా వీధుల్లో పిల్లలు ‘ఒబ్రోని’ అని పిలుస్తారు. విదేశీయుణ్ణి, తెల్లవాణ్ణి పిలిచే మాట అది. పిల్లల్లో దురుద్దేశం ఉండదు. వరస ఇంకా కలవలేదంతే. ఒక్క ప్రయాణంతో కలిసేదీ కాదు.

ఈ ప్రవాసం మనకు దూరపు కథ కాదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ వెళ్లే చాలామందికి ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని తెలియదు. నిజాం కొలువులో ఉన్న ఆ ఆఫ్రికన్ అశ్వదళపు సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫాలో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల చేయీ ఉంది, సిద్దీల చేయీ ఉంది. మనం తినే జొన్న, రాగి, సజ్జ పుట్టినిల్లు కూడా ఆఫ్రికాయే. రోజూ ఆ రొట్టె తింటూ, ఆ దరువుకు చిందేస్తూ, చదువుకోవడానికొచ్చిన ఆఫ్రికన్ విద్యార్థికి అద్దెకు ఇల్లివ్వమంటే తలుపేసుకునేవాళ్లు మనలో ఉన్నారు. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

మళ్లీ హారిస్ నెక్ దగ్గరికే వస్తాను. అమీలియా పూర్వీకుల్ని జార్జియా, కరోలినా తీరాలకు ఎందుకు తెచ్చారంటే వరి కోసం. సియెర్రా లియోన్ ప్రాంతపు రైతులకు వరి సాగు తెలుసు కాబట్టి అక్కడి బన్స్ దీవి కోట నుంచి వచ్చే బందీలకు తోటల యజమానులు మంచి ధర పెట్టారు. వాళ్లను చార్ల్స్‌టన్‌లో అమ్మిపెట్టిన హెన్రీ లారెన్స్ ఆ తర్వాత, అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని నడిపిన కాంటినెంటల్ కాంగ్రెస్ అనే సభకు అధ్యక్షుడయ్యాడు. బానిసత్వం పోయాక ఆ వరి కూలీల పిల్లలు హారిస్ నెక్‌లో సొంత భూమి సంపాదించుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. 1942లో ఫెడరల్ ప్రభుత్వం యుద్ధ విమానాల రన్‌వే కోసమని సుమారు 2,600 ఎకరాలు తీసుకుని, వాళ్లను ఖాళీ చేయించి, ఇళ్లు నేలమట్టం చేసింది. యుద్ధం అయిపోయింది, భూమి మాత్రం వెనక్కి ఇవ్వలేదు. 1962లో దాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా మార్చారు. మా భూమి మాకిమ్మని ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి.

తల్లి పాట పుట్టిన ఊరు సముద్రం అవతల మేరీ మోరాన్‌కు దొరికింది. తల్లి ఆ పాట పాడిన నేల మాత్రం ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది.