మా పెద్దమ్మకు గోల్ఫు రాదు

కుటుంబ పరువుకు సంబంధించిన విషయం కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇక దాచి లాభం లేదు, పరిశోధన రికార్డులకు ఎక్కిపోయింది. మా పెద్దమ్మ గోల్ఫు ఆడలేదు.

ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు పల్లె. పలాసలో జీడిపిక్కల పని చేసి, జీడి రసానికి వేలిముద్రలు అరగదీసుకుని ఇద్దరు పిల్లలను పెంచింది. (పింఛను రోజున ఆ వేళ్లు యంత్రానికి ఆనక, తను తనే అని నిరూపించుకోవడానికి ఆమె పడే పాట్లు ఇంకో వ్యాసానికి సరిపోతాయి.) ఇప్పుడు వారానికి మూడు రోజులు, రోజుకు 4 గంటల చొప్పున డయాలసిస్ యంత్రం పక్కన పడుకుంటుంది. ఇంత జీవితంలోనూ గోల్ఫు కర్ర పట్టిన దాఖలా ఒక్కటీ లేదు. ఈ లోటు మా కంట పడనే లేదు, పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థి వచ్చి అడిగేదాకా.

కుర్రవాడు మంచివాడే. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పు కింద 36 ప్రశ్నల కాగితం. మూత్రపిండాల రోగుల జీవన నాణ్యతను కొలవడానికి అనేక దేశాల్లో వాడే ప్రశ్నావళి అది. పుట్టిల్లు అమెరికా. జ్వరానికి థర్మామీటరు ఉన్నట్టు బతుకుకు ఇది. కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి, కుర్రవాడు అక్కడికక్కడే తెలుగు చేసుకుంటూ మంచం మంచానికీ తిరుగుతున్నాడు. రెండో ప్రశ్న దగ్గరే బండి ఆగింది.

"అమ్మా, ఈ పనులు చేయడానికి మీ ఆరోగ్యం అడ్డొస్తోందా చెప్పండి. బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, బౌలింగ్ చేయడం, గోల్ఫు ఆడటం. బాగా అడ్డొస్తోందా, కొంచెమా, అసలు లేదా?"

పెద్దమ్మ ఒక చేతిని సూదులకు అప్పగించి ఉంది. ఆ సూదుల కోసమే చేతిలో రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు పేరు ఫిస్టులా. రెండో చేత్తో కొంగు సర్దుకుంది. చదువుకున్నవాళ్లు ఏదైనా అడిగితే ఆలోచించి చెప్పడం ఆమెకు అలవాటు.

"బల్ల లేదు బాబూ. మంచం ఉంది."

"సరే, మంచం అనుకోండి."

"మంచం జరపవద్దని మీవాళ్లే చెప్పారు. ఫిస్టులా చేత్తో బరువులు ఎత్తకూడదట."

కుర్రవాడు ఏదో టిక్కు పెట్టాడు. వాక్యూమ్ క్లీనర్ అంటే ఇల్లు ఊడ్చే యంత్రమని చెప్పాడు. చీపురు ఉందని ఆమె చెప్పింది. బౌలింగ్ విషయంలో ఏ ఇబ్బందీ రాలేదు. మనవడు రోజూ కొబ్బరితోటలో వేస్తూనే ఉంటాడు, వాడి ఆరోగ్యం బాగానే ఉంది. మిగిలింది గోల్ఫు.

"అంటే ఏమిటి బాబూ?"

"పచ్చటి మైదానం ఉంటుందమ్మా. చిన్న తెల్ల బంతిని పొడవాటి కర్రతో కొట్టాలి. దూరంగా నేలలో ఒక గుంట ఉంటుంది. బంతి అందులో పడాలి."

"పడితే?"

"తీసి, ఇంకో గుంట దగ్గరికి వెళ్లాలి."

"అలా ఎన్ని గుంటలు?"

"పద్దెనిమిది."

పక్క మంచం మీద నిద్ర నటిస్తున్న రిటైర్డు మాస్టారు కళ్లు తెరిచారు. "మా ఊరి రోడ్డు మీద మొదటి కిలోమీటరులోనే ఆట అయిపోతుంది" అని, మళ్లీ మూసుకున్నారు.

పెద్దమ్మ మాత్రం విషయాన్ని తేలికగా తీసుకోలేదు. అంత దూరం నడవాలా అని అడిగింది. బండి ఇస్తారని కుర్రవాడు చెప్పాడు. బండి బంతికా, మనిషికా అని అడిగింది. మనిషికే అన్నాడు. కర్ర ఎవరు మోస్తారని అడిగింది. దానికీ ఒక మనిషి ఉంటాడన్నాడు. బండి మీద వెళ్లి, వేరేవాడు మోసుకొచ్చిన కర్రతో బంతిని ఒక్క దెబ్బ కొట్టి, మళ్లీ బండి ఎక్కే ఆ పనిలో తన ఆరోగ్యం ఎక్కడ అడ్డొస్తుందా అని ఆమె నిజాయితీగా వెతికింది. చివరికి ఒకటే సందేహం మిగిలింది.

"మధ్యలో దాహం వేస్తే నీళ్లు తాగనిస్తారా?"

కాగితంలో దానికి గడి లేదు.

ప్రశ్నలు సాగాయి. గడిచిన నాలుగు వారాల్లో మనసు దిగులుగా ఉందా అనే ప్రశ్న ఇంగ్లీషులో రంగుతో సహా ఉంటుంది, వాళ్లకు దిగులంటే 'బ్లూ'. కుర్రవాడు ఆ రంగును కూడా వదలకుండా, "ఎప్పుడైనా నీలంగా అనిపించిందా అమ్మా?" అని అడిగాడు. "ఒళ్లు నీలమైతే పాము కరిచినట్టు బాబూ. నన్ను ఏదీ కరవలేదు" అంది. 'ఎప్పుడూ లేదు' అన్న గడిలో టిక్కు పడింది. ఆ విధంగా మా పెద్దమ్మ మానసిక ఆరోగ్యం భేషుగ్గా ఉన్నట్టు శాస్త్రీయంగా తేలింది. 35వ ప్రశ్న దాంపత్య సుఖం గురించి. అక్కడ కుర్రవాడు గొంతు సవరించుకుని, చెవులు ఎర్రబడగా, "దీనికి నేనే ఏదో ఒకటి రాసుకుంటానమ్మా" అన్నాడు. ఏమి రాసుకున్నాడో నేను చూడలేదు. అంతా సవ్యంగానే ఉన్నట్టు రాసి ఉంటాడు. పెద్దనాన్న పోయి ఏడేళ్లు దాటింది.

ప్రశ్నావళి తయారుచేసిన వాళ్లను తప్పు పట్టను. వాళ్ల ఊళ్లో గోల్ఫు ఉంది, అడిగారు. మన ఊళ్లో ఏముందో అడగడం మన పని. ఆ పని మనం ఎప్పుడో ఒక ముచ్చటైన మాట కనిపెట్టి వదిలించుకున్నాం. ఆ మాట 'స్వీయ సంరక్షణ'.

ఏటా మార్చిలో రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం. 2021లో దాని నినాదం 'కిడ్నీ జబ్బుతో చక్కగా జీవించడం'. ఆ రోజే మహాశివరాత్రి కూడా పడింది. ఉపవాసానికీ జాగారానికీ మా పెద్దమ్మకు విడిగా పండుగ అవసరం లేదనుకోండి. ఎవరో వచ్చి కరపత్రాలు పంచారు. కరపత్రం మీద ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులతో పెద్ద కప్పు పట్టుకుని, ఆవిరి వైపు చూసి నవ్వుతోంది. ఆ కప్పులో ఉన్నది మా పెద్దమ్మకు సగం రోజు కోటా. కింద సలహాలు: మీకోసం మీరు రోజూ కొంత సమయం కేటాయించుకోండి. నచ్చిన సంగీతం వినండి. మనసులోని భావాలను డైరీలో రాసుకోండి. మీ శరీరం చెప్పేది ఆలకించండి.

వారానికి 12 గంటలు కదలకుండా పైకప్పు చూసే మనిషికి తనకోసం సమయం దొరకదని ఎవరికి బెంగ కలిగిందో తెలియదు. సంగీతానికీ కొదవ లేదు, యంత్రం అలారం మోగుతూనే ఉంటుంది. ఇక శరీరం చెప్పేది ఆలకించే మాటకొస్తే, అది చెప్పేది ఒక్కటే: నీళ్లు. ఆ ఒక్కటీ వినకూడదు.

లీటరు సీసా ఒకటి ఉంటుంది ఆమె దగ్గర. రోజంతటికీ అదే. మాత్రలు మింగే నీళ్లు, టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోనే. పొద్దున్నే ఒక గుక్క, నోరు తడుపుకుని ఉమ్మేయడం ఒకటి. మే నెలలో ఆ సీసాతో ఆమె చేసే బేరం చూస్తే వడ్డీ వ్యాపారులు కూడా నేర్చుకోవలసింది ఉంది. డయాలసిస్‌కు ముందు తూకం యంత్రం ఎక్కిస్తారు. మొన్నటికీ ఇవాళ్టికీ రెండున్నర కిలోలు పెరిగితే అవి నీళ్లే. అప్పుడు ఇరవై అయిదేళ్ల టెక్నీషియను, "ఏమమ్మా, మళ్లీ తాగేశావా?" అని అందరిలో అడుగుతాడు. కల్లు పాక నుంచి పట్టుకొచ్చినట్టు.

ఆహార పట్టిక ఇంకా అపురూపం. కూడనివి: కొబ్బరి నీళ్లు, జీడిపప్పు, పనస, అరటిపండు, ఎండు చేపలు, ఊరగాయ. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందని మావాళ్లు చెప్పుకుంటారు. కొబ్బరి, జీడి, పనస, పక్కనే సముద్రం. అంటే ఆ పట్టిక రాసినవారు మా ప్రాంతపు పటం ముందు పెట్టుకుని, కనిపించినదల్లా కొట్టేసుకుంటూ వచ్చారు. తప్పు వాళ్లదీ కాదు. చెడిన మూత్రపిండం పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోగలదు. శాస్త్రం సరైనదే. కానీ పెరట్లో రాలేవన్నీ విషమైన మనిషికి, కూడే వాటి వరుసలో మొట్టమొదట 'యాపిల్' అని అచ్చువేసి ఇచ్చినవారు ఆ యాపిల్ ఏ చెట్టుకు కాస్తుందో కూడా రాసి ఉంటే, వెళ్లి కోసుకొచ్చేవాళ్లం. కూరముక్కలను నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండుకోవాలట. తాగడానికి లీటరే, పారబోయడానికి ఎన్నయినా.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. డయాలసిస్ ఉచితం. నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది, కాదనను. ఆటోకు రానూ పోనూ 500, నెలకు పన్నెండు సార్లు. తోడు వచ్చే కొడుకుకు ఆ పన్నెండు రోజులూ కూలి ఉండదు. మిగిలిన దానితో యాపిళ్లు.

ఇంతకీ మా ఉద్దానంలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోంది? పరిశోధకులు పాతికేళ్లుగా వచ్చి చూస్తూనే ఉన్నారు. మా నీళ్లు, మా మట్టి, మా రక్తం, మా మూత్రం సీసాలకెక్కి ప్రయోగశాలలకు వెళ్లాయి. మా ఊరివాళ్లు విశాఖపట్నం దాటి ఎరుగరు. మా ఊరి మూత్రం మాత్రం చాలా లోకం చూసింది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి, హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్లు తెచ్చే పథకమూ మొదలైంది. సంతోషమే. నీళ్లు వచ్చేసరికి పెద్దమ్మకు తాగే యోగం పోయింది, అంతే.

దేనివల్ల వచ్చిందో చెప్పలేని జబ్బుకు 'జాగ్రత్తగా ఉండండి' అని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. దేని నుంచి జాగ్రత్త? తాగిన నీళ్ల నుంచా, నడిచిన నేల నుంచా, పుట్టిన ఊరి నుంచా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు డయాలసిస్ మీద ఉన్నది పెద్దనాన్న. కొబ్బరిచెట్లు కొబ్బరిచెట్ల మీద పడి ఉన్నాయి. రోడ్డు ఎక్కడుందో తెలియలేదు. కరెంటు లేదు, ఫోను లేదు. రెండు డయాలసిస్‌లు తప్పాయి. ఆయన కాళ్లు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది, పడుకుంటే ఊపిరి ఆడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మూడోసారికి నలుగురం కలిసి, పడిన చెట్ల మీదుగా ఆయనను మంచంతో సహా ఎత్తి దాటించి తీసుకెళ్లాం. కేసు కాగితం మీద అప్పటికే రాసి ఉంది: 'రోగి చెప్పిన తేదీలకు రాలేదు. సహకరించడం లేదు. స్వీయ సంరక్షణపై అవగాహన కల్పించాలి.'

అవగాహన కల్పించాలట! గాలికి కల్పించవలసింది అవగాహన. ముప్పై ఏళ్లు ఒకే చోట మనుషులు ఇలా రాలుతుంటే, ఇంటికొక ఫొటోకు దండ పడుతుంటే, పక్క ఊళ్లో ఒక మంచమూ ఒక యంత్రమూ పెట్టలేనివాళ్లకు, ఆటో ఒకటి పంపలేనివాళ్లకు కల్పించండి అవగాహన. మూత్రపిండాలు చెడింది ఆయనకు, సహకరించనిది ఎవరు? 'స్వీయ సంరక్షణ' అని సంస్కృతంలో ముస్తాబు చేయడం దేనికి? తెలుగులో దీనికి చక్కటి మాట ఎప్పటి నుంచో ఉంది: నీ చావు నువ్వు చావు. అది రాయండి కరపత్రం మీద. కప్పు పట్టుకున్న ఆవిడ బొమ్మ కింద రాయండి.

మూడు వారాల తరువాత ఆ కేసు కాగితంతో మాకు పని లేకపోయింది.

సరే. గోల్ఫు గురించి కదా మాట్లాడుకుంటున్నాం.

29వ ప్రశ్న: ద్రవాల మీద ఆంక్ష మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెడుతోంది? అసలు లేదు, కొంచెం, ఓ మోస్తరు, చాలా, విపరీతంగా. పెద్దమ్మ 'కొంచెం' అంది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, అలా ఎందుకు చెప్పావని.

"విపరీతం అంటే ఆ అబ్బాయి ఏం చేయగలడు? ఇంకా ఎనిమిది మంచాలు తిరగాలి వాడు."

రోజూ పొద్దున లేవగానే ఆమె ఫిస్టులా మీద వేళ్లు ఆనించి చూస్తుంది. లోపల రక్తం తుమ్మెదలా రొద చేస్తుంటే ఆ దారి తెరిచి ఉన్నట్టు. రొద ఆగితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏ కరపత్రమూ నేర్పలేదు, పెద్దనాన్న చేతి మీద చూసి నేర్చుకుంది. ఆటోలోనూ ఆ చేతిని రెండో చేత్తో పొదివి పట్టుకుని కూర్చుంది. రోడ్డు మలుపులో బండి ధబాలున దిగి లేచింది.

"ఏడు" అంది. "ఎన్ని అన్నాడు ఆ అబ్బాయి? పద్దెనిమిదా?"