మూలకానికి పేరు పెట్టే హక్కు ఎవరిది?

1990ల దాకా 104వ మూలకానికి రెండు పేర్లు. అమెరికన్లు రూథర్‌ఫోర్డియం అనేవారు, సోవియట్ శాస్త్రవేత్తలు కుర్చతోవియం అనేవారు. 105వది ఒకరికి హానియం, ఇంకొకరికి నీల్స్‌బోరియం. ముందు కనుక్కున్నది మేమంటే మేమని అమెరికాలోని బర్క్‌లీ, సోవియట్ యూనియన్‌లోని డుబ్నా ప్రయోగశాలలు ఏళ్ల తరబడి పట్టుబట్టాయి.

తగవు తీర్చాల్సింది ఐయూపాక్. 1919లో ఏర్పడిన ఈ అంతర్జాతీయ సమాఖ్యలో దేశదేశాల రసాయనశాస్త్ర సంఘాలు, అకాడమీలు భాగస్వాములు. పేర్లపై దాని కమిటీ 1994లో సిఫార్సులు చేసింది. బతికున్నవారి పేరు మూలకానికి పెట్టకూడదని తేల్చింది. దాంతో 106వ మూలకానికి అమెరికన్లు ఎంచుకున్న, అప్పటికి బతికే ఉన్న తమ రసాయనశాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్ పేరు పోయింది. రూథర్‌ఫోర్డ్ పేరును 104 నుంచి తీసి అక్కడ పెట్టారు. అమెరికన్ కెమికల్ సొసైటీ ససేమిరా అంది. తన పత్రికల్లో సీబోర్గియం అనే రాయాలని నిర్ణయించింది.

సమాఖ్యల అసలు స్వభావం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఐయూపాక్ ఎవరికీ జరిమానా వేయలేదు, ఏ పత్రికనూ ఆపలేదు. సభ్యసంఘాలు పాటిస్తేనే దాని మాట చెల్లుతుంది. ఇది లోపమని కొందరంటారు. నేననను. మాట చెల్లాలంటే ముందు వినాలి కదా, ఆ బలవంతమే సమాఖ్యను నిజాయతీగా ఉంచుతుంది.

1997లో రాజీ కుదిరింది. సీబోర్గియం నిలిచింది, రూథర్‌ఫోర్డియం తిరిగి 104కు వచ్చింది. అమెరికన్లు 105పై పట్టు వదిలారు, దానికి డుబ్నియం అని పేరు పడింది. హానియం మాత్రం ఆవర్తన పట్టికలో ఎక్కడా మిగల్లేదు. అణు విచ్ఛిత్తిని కనుక్కున్న ఒట్టో హాన్ పేరు ఇలా బేరసారాల్లో జారిపోవడం ఇప్పటికీ మనసు చివుక్కుమనిపిస్తుంది. అయినా ప్రపంచమంతటికీ ఒకే పట్టిక దక్కింది. ఆ మూల్యం చెల్లించదగ్గదే.

ఖర్చు పంచుకోవడం దీనికంటే తేలిక. 1931లో, మహా మాంద్యం రోజుల్లో, పత్రికల ప్రచురణ భారం తగ్గించుకోవడానికి అమెరికాలో అయిదు భౌతికశాస్త్ర సంఘాలు కలిసి అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌ను నిలబెట్టాయి. ఏ సంఘమూ తన పేరు, తన సభ్యత్వం వదులుకోనక్కర్లేకపోయింది. ఉమ్మడి లెక్కలకు ఒప్పుకున్నంత సులువుగా ఉమ్మడి తీర్పుకు ఎవరూ ఒప్పుకోరు. అందుకే తీర్పుకు ముందు ముసాయిదా అందరి చేతికీ వెళ్లాలి, అభ్యంతరం చెప్పడానికి చాలినంత వ్యవధి ఉండాలి. చిన్న సంఘాలకైతే ఇది మరీ అవసరం. సొంత పత్రికల బలంతో ఎదురు నిలవడం వాటివల్ల కాదు.

2016లో 113, 115, 117, 118 మూలకాల వంతు వచ్చింది. వాటిని కనుక్కున్నదెవరో రసాయన, భౌతికశాస్త్ర సమాఖ్యల నిపుణులు కలిసి తేల్చారు. పేర్లను కనుక్కున్నవారే ప్రతిపాదించారు. జూన్‌లో ప్రకటించిన ఆ పేర్లను అయిదు నెలలు బహిరంగ పరిశీలనకు ఉంచి, నవంబరులో ఆమోదించారు. 118వ మూలకం ఓగనెస్సాన్. ఆ పేరుకు మూలమైన శాస్త్రవేత్త యూరి ఓగనెస్యాన్ అప్పటికి బతికే ఉన్నారు.